హిందీ మాన్యువల్‌లో వరస సంఖ్యలు: మా చిన్నాడికి

నాన్నా,

పంపుసెట్ల కంపెనీ హిందీ మాన్యువల్ మొత్తం నీ ఒక్కడి చేతిలోనే పెట్టారని, శీర్షికలకీ దశలకీ సంఖ్యలు దేవనాగరిలో వాటంతట అవే పడేలా చేయమన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమేసింది. మనింట్లో అందరికీ హిందీ పదో తరగతి మార్కుల దగ్గరే ఆగిపోయింది, నువ్వు దాంతో అన్నం తింటున్నావు. వెంటనే భయం కూడా వేసింది. పోయినేడాది తెలుగు మాన్యువల్‌లో దశల సంఖ్యలన్నీ చేత్తో కొట్టి, మధ్యలో ఒక్క దశ చేరేసరికి తెల్లార్లూ కూర్చుని దిద్దినవాడివి నువ్వే కదా. కోప్పడుతున్నానని అనుకోకు. కోప్పడుతున్నాను.

కంప్యూటర్ తెరిచేముందు చేయాల్సింది ఒకటుంది. ఏ అంకెలు కావాలో కంపెనీవాళ్ల చేత మెయిల్‌లో రాయించుకో. "హిందీ కదా, దేవనాగరి అంకెలే" అని ఎవరో మీటింగులో అన్నంత మాత్రాన సరిపోదు. రాజ్యాంగం 343వ అధికరణం కేంద్రానికి దేవనాగరి లిపిలో హిందీని అధికార భాషగా చెబుతూనే, అంకెలు మాత్రం అంతర్జాతీయ రూపంలో, అంటే మామూలు 1, 2, 3లా ఉండాలంది. 1960 ఏప్రిల్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, కేంద్ర మంత్రిత్వ శాఖల హిందీ ప్రచురణల్లో చదివేవాళ్లనీ విషయాన్నీ బట్టి దేవనాగరి అంకెలు కూడా వాడొచ్చని చెప్పి, శాస్త్ర, సాంకేతిక, గణాంక ప్రచురణల్లో మాత్రం అంతటా అంతర్జాతీయ అంకెలే ఉండాలంది. మీది ప్రైవేటు కంపెనీ, వాళ్లిష్టం. కానీ ఆ పుస్తకం రేపు ఏ ప్రభుత్వ టెండరుకో జతపడితే ఈ ప్రశ్న నీ దగ్గరికే వస్తుంది. మరాఠీ అయితే లెక్క వేరు, అక్కడ దేవనాగరి అంకెలు రోజువారీ వాడకంలో ఉన్నాయి. హిందీ చదివే కుర్ర మెకానిక్ మాత్రం నీలాగే 1, 2, 3 చూస్తూ పెరిగాడు.

సరే, కావాలనే అన్నారనుకుందాం. వర్డ్‌లో ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్లి హిందీ చేర్చు, మూసి మళ్లీ తెరువు. మల్టీలెవెల్ లిస్ట్ (1, 1.1, 1.1.1 లాంటి అంచెల వరస) కొత్తది తయారుచేసి ప్రతి లెవెల్‌నీ ఒక హెడింగ్ స్టైల్‌కి లింక్ చేయి. నంబర్ స్టైల్ జాబితాలో కిందికి పోతే దేవనాగరి అంకెలు, క ఖ గ వరస, అ ఆ ఇ వరస, ఏక్ దో తీన్ అని మాటల్లో లెక్క, నాలుగూ కనిపిస్తాయి. ఇదంతా నీకు తెలిసిందే.

తెలియకపోవచ్చనిపించేది ఇది. వర్డ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఒక్కోసారి "న్యూమరల్" అనే సెట్టింగు, అందులో "హిందీ" అనే మాట కనిపిస్తుంది. దాని జోలికి పోకు. అక్కడ హిందీ అంటే అరబ్బీ రాతలో వాడే అంకెలు, దేవనాగరివి కావు. పైగా ఆ సెట్టింగు నీ కంప్యూటర్‌లో చూపించే తీరునే మారుస్తుంది, ఫైలుతో పాటు వెళ్లదు. విండోస్ రీజియన్ సెట్టింగుల్లో నేటివ్ డిజిట్స్ మార్చడమూ అలాంటిదే: నీ తెర మీద దేవనాగరి, కంపెనీవాళ్ల తెర మీద మామూలు అంకెలు. లిపిని నిర్ణయించాల్సింది లిస్ట్ స్టైల్ ఒక్కటే.

మల్టీలెవెల్ కిటికీలో "లీగల్ స్టైల్ నంబరింగ్" పెట్టె ఖాళీగా ఉందో లేదో చూడు. అది టిక్ అయితే ఆ లెవెల్‌లో అన్నీ 1.2.3 రూపానికి మారిపోతాయి, ఎందుకు మారాయో తెలియక తల పట్టుకుంటావు. సంఖ్య ఫాంట్‌ని లెవెల్ దగ్గరే, ఫాంట్ బటన్‌లో నిర్మలా యూఐ అనో మంగళ్ అనో ఖాయం చేయి. అక్కడ ఏమీ పెట్టకపోతే పేరా చివర గుర్తుకున్న ఫాంట్, బోల్డు, రంగు సంఖ్యకి అంటుకుంటాయి. దేవనాగరికి సైజు, బోల్డు "కాంప్లెక్స్ స్క్రిప్ట్స్" గడి నుంచి వస్తాయి, లాటిన్ గడిలో పది పాయింట్లు పెట్టి ఎందుకు మారలేదని అడక్కు. లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్‌లీ" పెడితే పై మాత్రలు కోసుకుపోతాయి, "ఎట్ లీస్ట్" పెట్టు. ట్యాబ్ దూరాన్ని 1.1.1తో కాకుండా 12.10.10 లాంటి పొడవాటి సంఖ్యతో కొలిచి పెట్టుకో.

క, ఖ, గ వరస వాడితే ఉపదశలు నాలుగు దాటకుండా చూసుకో. దేవనాగరిలో ఐదోది ఙ. చిన్న సైజులో, ఫొటోకాపీలో దాని పక్కన చుక్క పోతే అది డ అయిపోతుంది, అంటే వరసలో పదమూడోది. ఘ, ధ కూడా తలగీత దగ్గర కొద్ది తేడాతోనే వేరుపడతాయి. నన్నడిగితే ఉపదశలకి అక్షరాలే వద్దంటాను, కానీ అది నా చాదస్తం అనుకుంటే అనుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పనిలో అందరూ చేసే పాత తప్పు ఒకటుంది, నువ్వూ అందులోకే నడుస్తావని నా భయం.

శీర్షికలు, దశలు ఆటోమేటిగ్గా దేవనాగరిలో పడతాయి. వాక్యాల్లో "4వ దశ చూడండి" అని చేత్తో కొట్టినవి మామూలు అంకెల్లోనే ఉండిపోతాయి. పేజీ అంతా కలగాపులగంగా కనిపిస్తుంది. రివ్యూ చేసేవాళ్లు "అంకెలు ఒకే రకంగా లేవు" అని ఎర్రగీత పెడతారు. గడువు రేపు. అప్పుడు చేయి దానంతటదే ఫైండ్ అండ్ రీప్లేస్ మీదికి పోతుంది: సున్నా నుంచి తొమ్మిది దాకా పదిసార్లు రీప్లేస్ ఆల్, పది నిమిషాల్లో పని అయిపోతుంది, పుస్తకం ముచ్చటగా కనిపిస్తుంది.

ఆ పది నిమిషాల్లో ఏం మారిందో చూడు. స్పేర్ పార్టు నంబరు మారింది, స్టోర్‌లో ఆ రాతతో ఎవరు వెతికినా దొరకదు. ఎం8 బోల్టుకి పట్టే స్పానరు సైజు 13 మారింది, స్పానరు మీద చెక్కింది మామూలు 13. కంట్రోల్ ప్యానెల్ తెర మీద వచ్చే తప్పు కోడ్ మారింది, రైతు ప్యానెల్‌నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకున్నా రెండూ కలవవు. బొమ్మల్లో బాణాల పక్కనున్న సంఖ్యలు మాత్రం మారలేదు, అవి చిత్రంలో భాగం కాబట్టి, కింద పట్టికలో అవే సంఖ్యలు దేవనాగరిలో ఉన్నాయి. ఫీల్డుల (వర్డ్ తనంతట తానే లెక్కగట్టి నింపే చోట్ల) ఫలితాలు కూడా మారినట్టు కనిపించి, ఎవరో అప్‌డేట్ కొట్టగానే వెనక్కి పోతాయి.

అన్నిటికంటే చెడ్డది కొలతలు. దేవనాగరి 4 చూపుకి మామూలు 8లా ఉంటుంది. దేవనాగరి 1 చూస్తే 9 గుర్తొస్తుంది. గ్రీజు మరకల చేతులతో మసక వెలుతురులో పుస్తకం చూసేవాడు, గేజీ మీదా పానా మీదా మామూలు అంకెలే చదివే అలవాటున్నవాడు, ఇంజన్ ఆయిల్ 4 లీటర్లని 8 అనుకుంటే ఏమవుతుంది? వాల్వు సందు 0.1 మిల్లీమీటరుని 0.9 అనుకుంటే? ఇలాంటివి ప్రూఫ్‌లో దొరకవు రా, ఎందుకంటే అక్షరదోషం ఎక్కడా లేదు. ఉన్నది సరిగ్గానే ఉంటుంది, చదివేవాడే వేరేగా చదువుతాడు.

కాబట్టి గీత ఇక్కడ గీసుకో. వరసని చెప్పే సంఖ్య దేవనాగరి: అధ్యాయం, శీర్షిక, దశ, బొమ్మ, పట్టిక, పేజీ. యంత్రం మీదో పనిముట్టు మీదో పెట్టె మీదో ఉన్న సంఖ్య, కొలిచే సంఖ్య, అంతర్జాతీయం. ఈ నియమాన్ని పుస్తకం మొదట్లోనే రెండు వాక్యాల్లో హిందీలో రాసి, సున్నా నుంచి తొమ్మిది దాకా రెండు వరసల పట్టిక పెట్టు. రివ్యూ వాళ్లకి కూడా అదే పంపు, ఎర్రగీతలు ఆగుతాయి.

"4వ దశ చూడండి" అనేదాన్ని చేత్తో కొట్టకు, క్రాస్ రిఫరెన్స్‌గా పెట్టు. దశ సంఖ్య ఏ లిపిలో ఉంటే అదే వస్తుంది, చివర చుక్క ఉంటే అది రాలిపోయి వస్తుంది. బొమ్మ శీర్షికలకి క్యాప్షన్ కిటికీలో నంబరింగ్ ఫార్మాట్ విడిగా మార్చాలి. బొమ్మ సంఖ్యలో అధ్యాయం సంఖ్య కూడా కలిపితే మొదటి ముక్క శీర్షిక నుంచి, రెండోది బొమ్మల్ని వరసగా లెక్కపెట్టే సీక్వెన్స్ ఫీల్డు నుంచి వస్తాయి, రెండూ ఒకే లిపిలో ఉన్నాయో లేదో కళ్లతో చూడు. పేజీ సంఖ్యల ఫార్మాట్ ప్రతి సెక్షన్‌కీ వేరు. ఫుట్‌నోట్లదీ వేరే. ఆఖర్న అంతా సెలెక్ట్ చేసి ఎఫ్9 కొట్టు, హెడర్లలోవీ టెక్స్ట్ బాక్సుల్లోవీ దాంతో అప్‌డేట్ కావు, విడిగా చూసుకో.

పరీక్ష చాలా తేలిక. ఫైండ్‌లో వైల్డ్‌కార్డ్స్ టిక్ చేసి, చదరపు బ్రాకెట్లలో దేవనాగరి సున్నా, చిన్న గీత, దేవనాగరి తొమ్మిది పెట్టి వెతుకు. ఆటోమేటిక్ సంఖ్యలు ఫైండ్‌కి దొరకవు. ఫీల్డ్ షేడింగ్ "ఆల్వేస్" పెట్టుకుంటే బూడిదరంగులో దొరికినవి ఫీల్డులు. మొదట్లో పెట్టిన అంకెల పట్టికని వదిలేస్తే, రంగు లేకుండా దొరికిన ప్రతిదీ ఎవరో చేత్తో కొట్టింది. ఒక్కొక్కటీ ఆగి చూడు.

వాళ్లు పాత మాన్యువల్ ఫైలు ఇచ్చి "దీంట్లోనే చేసేయ్" అంటే ముందు ఫాంట్ చూడు. కృతిదేవ్ అయితే ఒప్పుకోకు. అది ఇంగ్లీషు అక్షరాల మీద హిందీ బొమ్మలు అతికించిన ఫాంట్. ఆటోమేటిక్ చిన్న ఎ, బి, సి (a, b, c) పెడితే సున్న, ఇ, బ వస్తాయి. సంఖ్య తర్వాత చుక్క పొల్లు ణ్ అవుతుంది, మూసే బ్రాకెట్ ద్ధ అవుతుంది. ముందు యూనికోడ్‌లోకి (హిందీ అక్షరానికి సొంత కోడ్ ఉండే పద్ధతిలోకి) మార్పించు, ఆ మార్పిడికి రోజులూ డబ్బులూ విడిగా అడుగు. నోరు తెరిచి అడగడం నీకు చేతకాదు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

పుస్తకమంతా ఒక్కసారి మొదలెట్టకు. దశలు, బొమ్మలు, పట్టిక, క్రాస్ రిఫరెన్సులు అన్నీ ఉన్న ఒక్క అధ్యాయం చేసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి, పీడీఎఫ్ తీసి, కాగితం మీద ప్రింటు వేసి, కంపెనీవాళ్ల సర్వీసు మెకానిక్ ఒకతని చేత ఆ సంఖ్యలు పైకి చదివించు. ఆ పీడీఎఫ్ నాకూ పంపు, కళ్లజోడు మార్చాను, బాగానే కనిపిస్తోంది. రాత్రి వేళకి తిను.

మీ పెద్దమ్మ