వీడియో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్లు కొనబోతున్న మేనల్లుడికి

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒంగోలులో మీ ఛానల్ కంట్రోల్ రూమును కొత్తగా కట్టిస్తున్నారనీ, డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ల ఎంపిక నీకు అప్పగించారనీ అక్కయ్య చెప్పింది. నువ్వు పంపిన కొటేషన్లన్నీ చదివాను. వాటిలో ఔట్‌పుట్‌ల సంఖ్య, ధర ప్రముఖంగా ఉన్నాయి గాని, నువ్వు ముఖ్యంగా అడగవలసిన సంగతులు ఒక్కదానిలోనూ లేవు.

పెన్నా కాలువ నీటిని పిల్లకాలువలకు మళ్లిస్తే ఒక్కొక్కదానికి వాటా తగ్గుతుంది. డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ (డీఏ) పని అది కాదు. వచ్చిన ఒక్క సిగ్నల్‌ను ప్రతి ఔట్‌పుట్‌కూ పూర్తి స్థాయిలో, అంటే ఎస్‌డీఐ (స్టూడియోల్లో కేబుల్ మీద నడిచే డిజిటల్ వీడియో సిగ్నల్) అయితే 800 మిల్లీవోల్టులతో, ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడకుండా అందించాలి. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా టీ-కనెక్టర్ (ఒక కేబుల్‌ను రెండుగా చీల్చే ముక్క) పెడదామంటే ఒప్పుకోవద్దు. 75 ఓముల లైను అక్కడ దెబ్బతిని, సిగ్నల్ వెనక్కు ప్రతిఫలిస్తుంది.

ముందుగా వేగం చూడు. మీరు ఇప్పుడు 1080ఐ50 హెచ్‌డీలో (ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా పంపే పద్ధతిలో) ప్రసారం చేస్తున్నారు గనుక సెకనుకు 1.485 గిగాబిట్లు చాలు. రేపు 1080పీ50కి (ప్రతిసారీ పూర్తి ఫ్రేము పంపే పద్ధతికి) మారితే 2.97 కావాలి కాబట్టి, ఆ వేగాన్ని మోసే 3జీ-ఎస్‌డీఐ డీఏనే తీసుకో. అయితే హెచ్‌డీ చక్కగా వచ్చిన పొడవైన కేబుల్ మీద 3జీ అంత దూరం రాదు. అందుకే ఇన్‌పుట్‌లో కేబుల్ ఈక్వలైజర్, ఔట్‌పుట్‌కు ముందు రీక్లాకింగ్ (బిట్ల సమయాన్ని మళ్లీ సరిచేయడం), రెండూ ఉన్నాయా అని అడుగు. ఈక్వలైజర్ కేబుల్‌లో పోయిన బలాన్ని తిరిగి ఇస్తుందే గాని, పేరుకున్న జిట్టర్‌ను, అంటే బిట్ల సమయంలో వచ్చిన ఒడుదొడుకులను, శుభ్రం చేసేది రీక్లాకరే. వరుసగా రెండు మూడు డీఏలు దాటే మార్గాల్లో ఇది లేకపోతే చివరి మానిటర్ దగ్గర చుక్కలు కనబడతాయి.

శాటిలైట్ రిసీవర్ నుంచి వచ్చే ఏఎస్‌ఐని (కుదించిన డిజిటల్ టీవీ ప్రవాహాన్ని మోసే సిగ్నల్‌ను) కూడా అదే డీఏ మీద పంచాలనుకుంటే, ఏ ఔట్‌పుట్ అయినా సిగ్నల్ ధ్రువాన్ని (ప్లస్, మైనస్‌లను) తిరగేస్తుందేమో రాతపూర్వకంగా అడుగు. ఎస్‌డీఐ దాన్ని లెక్క చేయదు, ఏఎస్‌ఐ మాత్రం పనిచేయకుండా పోతుంది. పరికరాలన్నిటినీ ఒకే తాళంలో నడిపే అనలాగ్ సిగ్నల్ అయిన బ్లాక్‌బర్స్ట్ సింక్‌కు విడిగా అనలాగ్ డీఏ ఉండవలసిందే.

నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది కరెంటు విషయంలో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల గాలివానలకు మన కోస్తాలో కరెంటు పోవడం నీకు తెలియనిది కాదు. అందువల్ల ఒకే ఫ్రేములో రెండు పవర్ సప్లైలు, అవీ పని ఆపకుండా బయటకు లాగగలిగేవి, ఉండాలి. రెండింటినీ ఒకే యూపీఎస్‌కు కలిపితే రెండోది కొన్న ఫలితం దక్కదు. ఒకటి పోయినప్పుడు అలారం మోగాలి, లేకుంటే రెండోది కూడా పోయేదాకా ఎవరికీ తెలియదు. మే నెల వేడిని తలచుకుని, ఫ్యాను లేని డీఏ అయితే ర్యాక్‌లో పైనా కిందా ఖాళీ వదులు. ఫ్యాను ఉన్నదైతే, దాన్ని మాత్రమే విడిగా మార్చే వీలుందా చూడు.

విడిభాగాలు చెన్నైలో దొరికితే మన నెల్లూరికి దాదాపు 175 కిలోమీటర్లు, మీకు ఇంకా ఎక్కువ. అందుచేత ప్రతి రకానికీ ఒక మాడ్యూల్ అదనంగా కొని బీరువాలో ఉంచడం తప్పనిసరి. ఆ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే చేర్పించు.

నమూనా తెప్పించి, మీ దగ్గర ఉన్న అతి పొడవైన కేబుల్‌కు ఇంకొంత జోడించి, పాథలాజికల్ చెక్‌ఫీల్డ్ సిగ్నల్‌తో (ఈక్వలైజర్‌ను, రీక్లాకర్‌ను కావాలని ఇబ్బంది పెట్టే పరీక్షా చిత్రంతో) పరీక్షించు. మామూలు రంగుల పట్టీ మాత్రమే చూసి సరిపెట్టుకోవద్దు. డిజిటల్ సిగ్నల్ చివరి క్షణం దాకా చక్కగా కనబడి ఒక్కసారిగా పోతుంది గనుక, ఎంత మిగులు ఉందో ఆ అదనపు కేబులే చెబుతుంది. నడుస్తుండగా ఒక పవర్ సప్లై లాగి, ఒక ఔట్‌పుట్‌ను షార్ట్ చేసి, మిగిలినవి కదలకుండా ఉన్నాయో లేదో చూడు. అలా పరీక్షించనివ్వని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

ప్రతి మార్గానికీ కేబుల్ పొడవు రాసిన డ్రాయింగ్‌ను ఆర్డరుకు ముందే నాకు పంపు. చూసి, ఎక్కడ రీక్లాకింగ్ తప్పదో గుర్తు పెట్టి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య