తమ్ముడు మిషనరీ చదువుకు రోమ్ పోతున్నాడు, అక్కడ రోజు ఎట్లా గడుస్తుంది?

జమ్మలమడుగు పక్క పల్లె నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడు ఒక కాథలిక్ మిషనరీ సభలో, అంటే దూర దేశాల్లో సేవకు పోయే గురువుల సంఘంలో, చేరినాడు, ఫిలాసఫీ ఇక్కడే ముగించినాడు, థియాలజీకి రోమ్ పంపుతున్నారు. రోజంతా ప్రార్థనేనా, అన్నం దొరుకుతుందా, ఫోన్ చేయనిస్తారా అని ఆమె దిగులు.

ఆ దారిన పోయి వచ్చినవాణ్ణే, ఇప్పుడు కడపలో ఉంటూ అట్లా పోయే పిల్లలకు కాగితాలూ ఇటాలియనూ చూసిపెడుతుంటా. నువ్వడిగిన మూడూ చెప్తా అక్కా. కానీ మనవాళ్ళు తడబడేది ఆ మూడింట్లో ఎక్కడా కాదు, నువ్వు అడగని నాలుగో దాంట్లో. అందుకని జవాబు కొంచెం పొడుగవుతుంది.

ముందు రోజు సంగతి. ఇంటింటికీ అరగంట అటూ ఇటూ ఉంటుంది గానీ వరస ఒకటే. ఆరింటికి లేవాలి. ఆరున్నరకు చాపెల్‌లో ధ్యానం, తర్వాత లోది అనే ఉదయ ప్రార్థన, పూజ. ఏడుంపావుకో ఏడున్నరకో టిఫిన్, ఎనిమిదింటికల్లా బస్సులో ఉండాలి. క్లాసులు ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలై పన్నెండున్నరకు అయిపోతాయి. ఒంటిగంటకు భోజనం. మూడు దాకా ఇల్లంతా నిశ్శబ్దం, ఆ పూట ఎవరి తలుపూ తట్టకూడదు. మూడు నుంచి ఆరున్నర దాకా చదువు. ఏడింటికి వెస్ప్రి అనే సాయంకాల ప్రార్థన, ఏడున్నరకు రాత్రి భోజనం, తొమ్మిదికి కొంపియేత అనే రాత్రి ప్రార్థన, పడక. లెక్కేస్తే ప్రార్థన రెండున్నర గంటలు మించదు. శనివారం ఇల్లు కడగడం. ఆ రోజు మధ్యాహ్నమో ఆదివారం పొద్దున్నో పారిష్‌లో పిల్లలకు క్యాటెకిజం అనే మతబోధ, లేకుంటే చర్చి సేవాసంస్థ కారితాస్ భోజనశాలలో పేదలకు వడ్డన.

ఇంటి పని గురించి ఇక్కడెవరూ చెప్పి పంపరు. మన సెమినరీల్లో వంటమనిషి ఉంటాడు, పాత్రలు తోమే ఆమె ఉంటుంది. అక్కడ వారవారం బోర్డు మీద పేర్ల కాగితం అంటిస్తారు: ఈ వారం నీది గిన్నెలు, నీది వరండా, నీది బాత్‌రూములు, నీది గేటు దగ్గర ఫోను. నలభై మంది తిన్న ప్లేట్లు అరగంటలో మిషన్‌లోకి ఎక్కించి, తుడిచి, మళ్ళీ రాత్రికి బల్లలు సర్దాలి. బట్టల మిషన్ దగ్గర రెండు తప్పులు ప్రతి కొత్తవాడూ చేస్తాడు: ఉన్ని స్వెట్టర్ అరవై డిగ్రీల్లో వేసి చిన్నపిల్లాడి సైజుకు తెస్తాడు, కొత్త లుంగీ తెల్లబట్టల్లో వేసి అందరి చొక్కాలకూ రంగు అంటిస్తాడు. ఉన్నికి ముప్పై డిగ్రీలు, రంగువి విడిగా, అంతే. చలికాలంలో బట్టలు రెండు రోజులైనా ఆరవు కాబట్టి లోబట్టలు, సాక్సులు పది జతలు పెట్టుకోమను. హీటర్ల మాటకొస్తే, రోమ్‌లో మామూలుగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకే వేస్తారు, అదీ రోజుకు ఇన్ని గంటలని లెక్క. అక్టోబరు చివర రాతి గోడల గదిలో మన పిల్లోడు వణికేది అందుకే. మంచి థర్మల్ లోబట్టలు రెండు జతలు ఇక్కడే కొనిపెట్టు.

అన్నం. పొద్దున పాలు కలిపిన కాఫీ, బిస్కెట్లు, రొట్టె, జామ్. ఉగ్గాని బజ్జీ తిని పెరిగిన కడుపుకు అది టిఫిన్‌లా అనిపించదు, పదకొండింటికి ఆకలి దంచుతుంది. మధ్యాహ్నం ముందు పాస్తా, తర్వాత మాంసమో గుడ్డో, పక్కన ఆకుకూర, చివర పండు. అన్నం వారానికొకసారి రావచ్చు, అదీ జావలాగా. కారం కావాలంటే టెర్మినీ స్టేషన్‌కు దగ్గర్లోని ఎస్క్విలీనో మార్కెట్‌లో బియ్యం, చింతపండు, ఎండుమిర్చి, పప్పులు అన్నీ దొరుకుతాయి, కాబట్టి పెట్టెలో పది కిలోల బియ్యం కుక్కొద్దు. కుక్కకూడనిది ఇంకోటుంది. ఐరోపా యూనియన్‌లోకి బయటి దేశాల ప్రయాణికులు మాంసం, పాల వస్తువులు తేకూడదు. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా, అన్నీ విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు. గోంగూర పచ్చడి, శనగకాయల పొడి, కరివేపాకు పొడి పంపించు. పచ్చడి సీసా నూనె కారుతుంది, మూతకు ప్లాస్టిక్ చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెకిన్ పెట్టె మధ్యలో బట్టల నడుమ సర్దాలి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది.

ఇప్పుడు నాలుగోది: పరీక్ష. ఇటలీలో థియాలజీ పరీక్షలు చాలా మటుకు నోటితోనే. బోధన చాలా చోట్ల ఇటాలియన్‌లో, పరీక్షా ఎక్కువగా ఇటాలియన్‌లోనే. ఆసియా, ఆఫ్రికా లాంటి మిషన్ దేశాల వాళ్ళు ఎక్కువగా చేరే ఉర్బానియానా యూనివర్సిటీ కూడా అంతే. జనవరి-ఫిబ్రవరి, జూన్, సెప్టెంబరుల్లో పరీక్షల దఫాలు ఉంటాయి, ఏ సబ్జెక్టుకు ఏ రోజో ముందే పేరు రాయించుకోవాలి.

ఆ గది ఎట్లా ఉంటుందో చెప్తా. పొడుగు బల్ల, అవతల ప్రొఫెసర్, ముందర నీ హాజరు పట్టిక. వెనక కుర్చీల్లో ఇంకో నలుగురు తమ వంతు కోసం కూర్చుని నువ్వు చెప్పేదంతా వింటుంటారు. నీకు పదిహేను నిమిషాలు. కొందరు మొదట నీకిష్టమైన అంశం ఎంచుకో అంటారు. మనవాడు సంబరపడతాడు, ఎందుకంటే చాల్సెడాన్ మహాసభ, 451, క్రీస్తులో రెండు స్వభావాలు అని మూడు పేజీలు బట్టీపట్టి ఉంటాడు. మొదలుపెడతాడు, రెండో వాక్యం అయ్యేలోపు ప్రొఫెసర్ చెయ్యెత్తి ఆపుతాడు. "సరే, అది పుస్తకంలో ఉంది. ఆ నిర్ణయం లేకపోతే అంతకుముందు నైసియా మహాసభలో చెప్పినదానికి ఏమయ్యేది?" అంటాడు. అంతే. బట్టీపట్టిన మూడు పేజీల్లో ఆ ప్రశ్నకు చోటు లేదు. మనవాడికి విషయం తెలుసు, నిజంగా తెలుసు. ఆపిన చోటనుంచి పక్కకు తిరిగి మాట్లాడటమే రాదు. మళ్ళీ మొదటి వాక్యం నుంచి అప్పజెప్పడం మొదలుపెడతాడు. ప్రొఫెసర్ మళ్ళీ ఆపుతాడు. మూడోసారికి ప్రశ్న అర్థం కాకపోయినా "సీ, సీ" (అవును, అవును) అని తలూపుతాడు, అన్నిటికంటే పెద్ద నష్టం అదే, ఎందుకంటే తలూపినావంటే ఒప్పుకున్నావని వాళ్ళ లెక్క, దాని మీదే ఇంకో ప్రశ్న కడతారు. మార్కు అప్పటికప్పుడే చెప్పేవాళ్ళూ ఉంటారు. ఇటలీ యూనివర్సిటీల్లో మార్కులు 30కి, 18 వస్తే పాస్. రోమ్‌లోనే ఉన్న గ్రెగోరియన్ యూనివర్సిటీలో అయితే 10కి, 6 రావాలి. పక్కన కూర్చున్న కాంగో పిల్లోడికి సగం గ్రామర్ తప్పే, కానీ వాడు ప్రొఫెసర్‌తో వాదించి 27 తీసుకుని పోతాడు.

తప్పు పిల్లోడిది కాదు. ఇంటర్ రెండేళ్ళు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా హాస్టల్ గదిలో కూర్చోబెట్టి బిట్లు రుద్దించిన చదువు మనది. ప్రశ్న అడిగితే క్లాస్ టైమ్ పోతుందని కసిరే లెక్చరర్లు, మార్కుల ఫ్లెక్సీలు కట్టే కాలేజీలు. ఆ తర్వాత సెమినరీల్లోనూ నోట్సు రాయించి అదే అప్పగించుకుంటారు. ఇరవై రెండేళ్ళు నోరు మూయించి, ఇరవై మూడో ఏట పరాయి భాషలో వాదించమంటే ఎట్లా వస్తుంది? సెమినరీలో ఫిలాసఫీ మొదటేడు నుంచే సగం పరీక్షలు నోటితో పెట్టాలని నేను కనపడిన ప్రతి ఫాదర్‌కూ చెప్తుంటా. వినరు. దిద్దడానికి టైమ్ పడుతుందంటారు. నోటి పరీక్షకు దిద్దేదేముంది స్వామీ!

ఇంటి దగ్గర ఉన్న నెలల్లో నీ తమ్ముడు చేయాల్సింది ఇది. రోజూ ఒక అంశం తీసుకుని మూడు కొలతల్లో చెప్పాలి: ఒక నిమిషంలో, ఐదు నిమిషాల్లో, పది నిమిషాల్లో. మొదట తెలుగులోనే. ఎదురుగా నువ్వు కూర్చో, నీకు థియాలజీ తెలియాల్సిన పనిలేదు. ఎక్కడైనా ఆపి "ఎందుకు?" అను, "అది లేకపోతే ఏమయ్యేది?" అను. అతను మొదటికి పోకుండా అక్కడినుంచే కొనసాగించాలి. మొదటి రెండు వారాలు కోపం వస్తుంది, తర్వాత అలవాటవుతుంది. భాషకు ఏ1, ఏ2, బి1, బి2 అని మెట్లుంటాయి; ఇటాలియన్ ఏ2 స్థాయి ఇక్కడే ముగిస్తే అక్కడి భాషా తరగతులు బి1 నుంచి మొదలవుతాయి. క్లాసులో కూర్చుని నోట్సు రాసుకోవాలంటే బి2 కావాలి, కొన్ని సభలు ఇందుకే పిల్లల్ని ముందు పెరూజాలోని విదేశీయుల యూనివర్సిటీకి పంపుతాయి. ఉచ్చారణలో ఒకటే జాగ్రత్త: ఇంగ్లీషు అలవాటులో ట, డ పలకొద్దు, వాళ్ళవి త, ద. అర్థం కానప్పుడు "ప్వో రిపేతెరే?" (మళ్ళీ చెప్తారా?) అని అడగడం మొదటి రోజే నేర్చుకోవాలి, తలూపడం మానాలి.

ఫోన్ చేయనిస్తారు. కానీ చేసే వేళ చూసుకో. వాళ్ళకూ మనకూ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర తేడా. మీరు రాత్రి తొమ్మిదికి అన్నాలు తిని వీడియో కాల్ కలిపితే అక్కడ సాయంత్రం నాలుగున్నరో ఐదున్నరో, సరిగ్గా చదువు వేళ. ఆదివారం అక్కడ మధ్యాహ్నం రెండున్నర, అంటే మనకు ఆరో ఏడో, అందరికీ తీరిక. రోజూ చేయొద్దు అక్కా. రోజూ ఊరి సంగతులు వినేవాడి మనసు ఊర్లోనే ఉంటుంది, భాష ఎక్కదు. ఇంకొకటి అమ్మానాన్నలకు ముందే చెప్పి పెట్టు. ఇది మిషనరీ సభ, కడప బిషప్ పీఠానికి చదివే గురువు కాదు. అభిషేకం అయినాక ఆఫ్రికాకో దక్షిణ అమెరికాకో వేయొచ్చు. అనంతపురంలో అందరూ ఎరిగిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ నుంచి 1952లో బొంబాయి వచ్చింది జెస్యూట్ (యేసుసభ) శిక్షణ ముగించుకోవడానికి. అనంతపురం చేరింది 1969లో. ఆయన ఇంటివాళ్ళకు బార్సిలోనా నుంచి అనంతపురం ఎంత దూరమో, మీకూ అంతే కావచ్చు.

కాగితాల్లో అన్నిటికంటే ముందు పేరు చూడు. మన పక్క పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాయించినవి చాలా. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, జ్ఞానస్నానం పుస్తకంలో ఇంకో పేరు. ఇటలీలో ప్రతివాడికీ కోదిచె ఫిస్కాలె అని 16 అక్షరాలు, అంకెల గుర్తింపు ఉంటుంది, అందులో మొదటి మూడు ఇంటిపేరు నుంచి, తర్వాతి మూడు పేరు నుంచి తీస్తారు. ఇంటిపేరు గడి ఖాళీ అయితే ఒక్కో ఆఫీసువాడు ఒక్కో రకంగా నింపుతాడు, తర్వాత బ్యాంకులో, ఆసుపత్రి కార్డులో ఒకదానితో ఒకటి కలవదు. దిగినాక ఎనిమిది పనిదినాల్లో పోస్టాఫీసులో నివాస అనుమతికి దరఖాస్తు పడాలి. 16 యూరోల స్టాంపు తబక్కి అనే పొగాకు దుకాణంలో కొనాలి, పోస్టాఫీసుకు 30 యూరోలు, కార్డుకు వేరే. ఇచ్చిన రసీదు పారేసుకోకూడదు, క్వెస్తూరా అనే పోలీసు ఆఫీసులో వేలిముద్రల తేదీ దాని వెంటే ఉంటుంది. వీసా గడువు తీరి, చేతిలో రసీదు మాత్రమే ఉంటే జర్మనీ, ఫ్రాన్స్ మీదుగా ఇంటికి టికెట్ తీయకూడదు.

సెప్టెంబరు ప్రయాణమంటే వీసాకు ఇచ్చేలోపే పాస్‌పోర్టులో పేరు సరిచేయించండి. వీసా పడినాక మారిస్తే రెండు పాస్‌పోర్టులూ మోసుకు తిరగాల్సి వస్తుంది. కడప పోస్టాఫీసు సేవా కేంద్రంలోనే పని అవుతుంది, టెన్త్ సర్టిఫికెట్, ఆధార్ రెండింట్లోనూ ఒకే స్పెల్లింగ్ ఉండేట్టు చూసుకుని పోండి.