స్కల్‌డగ్గరీకీ పుర్రెకీ సంబంధం ఉందా?

‘స్కల్‌డగ్గరీ’ (skulduggery) అనే ఇంగ్లిష్ మాటకు అర్థం ఏమిటి, అందులో ఉన్నది పుర్రేనా, సమాధులు తవ్వే దొంగల నుంచి వచ్చిందా అని అడిగారు. పుర్రెకీ, తవ్వకానికీ దీంతో ఏ సంబంధమూ లేదు. ఇంగ్లిష్‌లో ‘స్కల్’ అంటే పుర్రె, ‘డగ్’ అంటే తవ్వడం కాబట్టి చెవికి అలా వినిపిస్తుందంతే.

దీని పుట్టిల్లు స్కాట్లాండ్. అక్కడ 1713 నాటికే ‘స్కల్‌డడ్డరీ’ అనే మాట ఉంది. అక్రమ సంబంధం, రంకు అని అర్థం. ఆ రోజుల్లో అక్కడి చర్చి పెద్దలు ఇలాంటి తప్పు చేసినవాళ్లను ఆదివారం ప్రార్థనకు వచ్చిన జనమంతా చూస్తుండగా పీట మీద కూర్చోబెట్టి చీవాట్లు పెట్టేవారు. అంత కాపలా ఉన్న ఊళ్లో ఆ పనికి ఇలాంటి చాటుమాటు పేరొకటి పుట్టడం నాకు సహజంగానే అనిపిస్తుంది. తర్వాత బూతు మాటలకీ అదే పేరైంది. 19వ శతాబ్దం మధ్యకల్లా అమెరికాలో ‘డడ్డరీ’ కాస్తా ‘డగ్గరీ’గా మారింది. పడకగది రహస్యం పోయి, రాజకీయాల్లో, వ్యాపారాల్లో తెరచాటున నడిపే కుతంత్రం అనే అర్థం స్థిరపడింది.

నేను చాలాకాలం తెలుగు పత్రిక డెస్కులో ఏజెన్సీ వార్తలు అనువదించాను. ఎన్నికల వార్తల్లో, కంపెనీలు చేతులు మారే వార్తల్లో ఈ మాట తరచూ తగిలేది. ఓసారి విదేశీ ఎన్నికల కాపీలో ‘పొలిటికల్ స్కల్‌డగ్గరీ’ అని వస్తే, కొత్తగా చేరిన కుర్రాడు ‘రాజకీయ మోసం’ అని రాశాడు. మా ఇన్‌ఛార్జి గారు దాన్ని కొట్టేసి పైన ఎర్రసిరాతో ‘గూడుపుఠాణి’ అని రాశారు. ఎంత బాగా కుదిరిందో! మోసం అనగానే ఎవరు, ఎవరిని, ఎంతకు ముంచారు అనే ప్రశ్న వస్తుంది. అది నేరారోపణ అవుతుంది. స్కల్‌డగ్గరీ అంత తేల్చి చెప్పదు. నలుగురు తలుపులు వేసుకుని ఏదో మంతనాలు సాగించారు, అందులో నిజాయితీ లేదు, అంతవరకే. సందర్భాన్ని బట్టి ‘లోపాయికారీ వ్యవహారం’ అన్నా నప్పుతుంది.

ఇంగ్లిష్‌లో వాడేటప్పుడు ముందు ‘ఎ’ (a) పెట్టకండి, బహువచనం దాదాపు ఎవరూ వాడరు. స్పెల్లింగులో ‘స్కల్’ దగ్గర ‘ఎల్’ ఒకటి రాసినా (skul-) రెండు రాసినా (skull-) తప్పు కాదు.