యానాం 'విలీనం' ఏ తేదీన?

సందేహం: మా పూర్వీకులది యానాం. చెన్నైలో మా తెలుగు సంఘం వెలువరించే సంచికకు వ్యాసం రాస్తున్నాను. యానాం భారతదేశంలో 1954 నవంబరు 1న విలీనమైందని ఒకచోట, 1962 ఆగస్టు 16న విలీనమైందని మరొకచోట చదివాను. ఏది సరి? డీ ఫాక్టో (ఆచరణలో జరిగిన), డీ జ్యూర్ (చట్టరీత్యా జరిగిన) బదిలీలను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, మైలాపూరు

సమాధానం: తేదీలు రెండూ సరైనవే అమ్మా. వేరు వేరు పనులకు ఒకే క్రియ వాడటం వల్ల వచ్చిన చిక్కు ఇది.

1954 అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో, ఫ్రెంచి పాలనలో ఉన్న ప్రాంతాల ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమైతే 170 మంది భారత్ వైపు ఓటు వేశారు. మూడు రోజులకు ఢిల్లీలో భారత్, ఫ్రాన్సు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. నవంబరు 1న చేతులు మారింది పాలన ఒక్కటే. సార్వభౌమాధికారం ఫ్రాన్సు దగ్గరే ఉండిపోయింది. అందుకే ఆ తరువాత దాదాపు ఎనిమిదేళ్లపాటు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలను మన ప్రభుత్వం 1947 నాటి విదేశీ అధికార పరిధి చట్టం కింద పాలించవలసి వచ్చింది. చట్టం దృష్టిలో పరాయి నేలగా ఉన్నదాన్ని విలీనమైందని ఎలా అంటాం? విలీనమంటే కరిగి కలిసిపోవడం. ఆనాటి ఘటనకు 'పాలన అప్పగింత' చక్కగా అమరుతుంది. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ అందులో కనిపిస్తారు, హక్కు ప్రసక్తి రాదు. 'అప్పగించు'కు 'ఒప్పగించు' అనే రూపం కూడా ఉంది. మీరు చెన్నైలో రోజూ వినే తమిళంలోని 'ఒప్పడై' దానికి దగ్గరి చుట్టం.

ఇల్లు కొన్నవారికి తాళాలు చేతికి రావడం వేరు, రిజిస్ట్రేషన్ కావడం వేరు. ఇక్కడ ఆ రెండింటి మధ్య పెద్ద ఎడం వచ్చింది. హక్కులు వదులుకునే ఒడంబడికపై 1956 మే 28న సంతకాలయ్యాయి. (దీన్ని కొందరు 'సంధి' అంటున్నారు. యుద్ధం లేని చోట ఆ మాట నాకు నచ్చదు.) ఫ్రాన్సు వలసగా ఉన్న అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం సాగినంత కాలం ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం రాలేదు. 1962 జులైలో అల్జీరియా స్వతంత్రమయ్యాకే వచ్చింది. ఆగస్టు 16న రెండు దేశాలూ ఆమోద పత్రాలు మార్చుకున్నాయి. మన రాజ్యాంగంలో 14వ సవరణ పుదుచ్చేరిని కేంద్రపాలిత ప్రాంతంగా చేర్చింది కూడా ఆ తేదీ నుంచి అమలయ్యేలాగే. విలీనం అనే మాటకు హక్కున్న రోజు అదే.

ఇక డీ ఫాక్టో, డీ జ్యూర్ సంగతి. 'వాస్తవ బదిలీ', 'చట్టబద్ధ బదిలీ' అని పత్రికలు రాస్తుంటాయి. మొదటిది వాస్తవమైతే రెండోది వట్టిదా? రెండోది చట్టబద్ధమైతే మొదటిది చట్టవిరుద్ధమా? 1954 నాటి ఏర్పాటు రెండు ప్రభుత్వాల సమ్మతితో జరిగింది. దాని మీద అలాంటి నీడ పడనివ్వకూడదు. ఏది మారిందో దాని పేరే చెప్పి 'పాలన అప్పగింత', 'సార్వభౌమాధికార బదిలీ' అనండి.

మీ ఊరికి ఇంకో తేదీ ఉంది, దాన్ని వదిలేయకండి. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13నే యానాంలో ఫ్రెంచి పాలనను కూలదోశారు. దానికి 'విమోచన' తగిన మాట. కాబట్టి మీ వాక్యాలు ఇలా ఉండవచ్చు: "1954 జూన్ 13న యానాం విముక్తమైంది. నవంబరు 1న ఫ్రాన్సు అధికారికంగా పాలనను అప్పగించింది. 1962 ఆగస్టు 16న సార్వభౌమాధికారం బదిలీ అయి, యానాం భారతదేశంలో విలీనమైంది."

'భారత్ స్వాధీనం చేసుకుంది' అని మాత్రం రాయకండి. సైన్యం కదిలిన 1961 నాటి గోవాకు అది సరిపోతుంది. బదిలీ, బదలాయింపులలో ఏదైనా వాడవచ్చు. కర్తను చెప్పదలిస్తే 'ఫ్రాన్సు బదలాయించింది' అనడం సులువు.