డాబా మీద కూల్ టైల్స్: పాత గచ్చు ఉంచాలా, తీయాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. పాత డాబా ఇల్లు. ఎండాకాలం అర్ధరాత్రి దాటినా స్లాబు సెగ తగ్గదు. పైన వేసిన సిమెంటు గచ్చు అక్కడక్కడ లేచింది, వానొస్తే ఒక మూల నీళ్లు నిలుస్తున్నాయి. ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ టైల్స్ వేయిద్దామనుకుంటున్నాం. పాతది తీయనక్కర్లేదు, పైన మాలు పోసి లెవల్ చేసి అంటిస్తే చాలని మేస్త్రి అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. టైల్స్ లేచిపోయాయని నల్గొండ చుట్టుపక్కల నన్ను పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల టైల్‌లో లోపం లేదు. కింద గుల్లబారిన గచ్చే టైల్‌ని పట్టుకుని పైకి వచ్చేసింది.

ముందు ఇంట్లోకి వెళ్లి స్లాబు కింది వైపు చూడండి. తుప్పు మరకలున్నా, పెచ్చులు రాలి చువ్వలు కనిపిస్తున్నా ఈ పని ఆపి ఇంజనీరును పిలవండి. రెండంగుళాల మాలు అంటే చదరపు అడుగుకు సుమారు 10 కిలోలు. 600 అడుగుల డాబాకు 6 టన్నులు! పాత గచ్చు బరువు అలాగే ఉండగా ఇంకో పొర మోపడం నాకసలు నచ్చదు.

స్లాబు బాగుంటే గచ్చంతా సుత్తితో తట్టిస్తూ పోండి. బోలుగా మోగిన ప్రతిచోటా గట్టి కాంక్రీటు తగిలేదాకా తీయించాల్సిందే. సగానికి మించి మోగితే మొత్తం తీయించేయండి, అతుకులు వద్దు. పగుళ్లను కాస్త వెడల్పు చేసి, దుమ్ము కడిగి, పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి.

ఇక లెవల్ సంగతి. గదిలో లెవల్ వేరు, డాబా మీద లెవల్ వేరు. ఇక్కడ ఎగుడుదిగుడు పోవాలి గానీ వాలు పోకూడదు. నీళ్ల గొట్టం వైపు పదడుగులకు అంగుళం పావు వాలు ఉండాలి. మీ మూలలో నీళ్లు నిలవడానికి కారణం ఈ వాలు లేకపోవడమే. దారాలు కట్టి, లెవల్ పైపుతో మీ కళ్లముందే చూపించమనండి. వాలు కోసం పోసిన మాలును వారం రోజులు తడపాలి. ఆరాక వాటర్ ప్రూఫింగ్ రెండు పూతలు, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా. తర్వాత మడి కట్టి రెండు రోజులు నీళ్లు నిలపండి. కింద చెమ్మ రాకపోతేనే టైల్స్.

మన ఎండకు స్లాబు కదులుతుంది. 30 అడుగుల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే టైల్స్‌ను ఒకదానికొకటి ఆనించి పరిస్తే మధ్యలో డేరాలా లేస్తాయి. టైల్‌కీ టైల్‌కీ 3 మిల్లీమీటర్ల సందు వదలండి. సిమెంటు పాలు పోసి అంటించకుండా, ఆరుబయట వాడే, సాగే గుణమున్న టైల్ అడ్హెసివ్ (టైల్స్ అంటించే జిగురు) వాడండి. అది టైల్ వెనకంతా పట్టాలి. నాలుగు మూలలా ముద్దలు పెడితే ఖాళీల్లో నీళ్లు చేరతాయి.

తెల్లటివే తీసుకోండి, కానీ నున్నటివి వద్దు, వానకు జారతాయి. దుమ్ము పట్టిన తెలుపు ఎండను అంతగా తిప్పికొట్టదు కాబట్టి కడుగుతూ ఉండాలి. రోహిణి కార్తెలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. మాలు పైపైన ఆరిపోయి పగులుతుంది. మాఘం, ఫాల్గుణం మంచి సమయం.

స్లాబు కదలికకు చోటు ఉండేలా టైల్స్ మధ్య పదడుగులకో గీత, పిట్టగోడ వెంట ఒక గీత సందుగా వదిలి, రబ్బరులా సాగే మెత్తటి సీలెంట్ నింపించండి. మేస్త్రి అక్కడ కూడా గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే, గట్టిపడే సిమెంటు ముద్ద) పూసేస్తానంటాడు, పూయనివ్వకండి.