గాజులు తాకట్టు పెట్టి కొనే సర్టిఫికెట్ కాదిది

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. అమ్మాయి బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతోంది. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయితో సంబంధం కుదిరింది, చదువయ్యాక పెళ్లి. ఇక్కడి ఒక శిక్షణ సంస్థ అమెరికా ఫార్మసీ టెక్నీషియన్ సర్టిఫికేషన్‌కు నాలుగు నెలల కోర్సు అంటూ 90,000 రూపాయలు అడుగుతోంది. వెళ్లగానే ఉద్యోగం ఖాయమట. 5,000 అడ్వాన్సు ఇచ్చాం. మిగతాది నా గాజులు బ్యాంకులో పెట్టి కట్టాలనుకుంటున్నాం. ఇంటర్ బైపీసీ పూర్తయిన మా అబ్బాయి కూడా డిగ్రీ వద్దు, ఈ కోర్సే చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ గాజులు బీరువాలోనే ఉండనివ్వండి.

మందుల షాపులో ఫార్మసిస్టుకు సాయంగా పనిచేసేవారే టెక్నీషియన్లు. వాళ్లకిచ్చే ఈ సర్టిఫికేషన్ మంచిదే. పీటీసీబీ అనే సంస్థ 1995 నుంచి అమెరికాలో దీన్ని నడుపుతోంది. అక్కడ ఫార్మసీ చదివే పిల్లలు కూడా చదువుతూనే టెక్నీషియన్‌గా పనిచేసి నాలుగు డాలర్లు సంపాదించుకుంటారు, కౌంటరు పని నేర్చుకుంటారు. కానీ దానికి దరఖాస్తు చేయాలంటే అమెరికాలోనో దాని ఆధీనంలోని ప్రాంతాల్లోనో నివాసం ఉండాలి. అంటే మీ అమ్మాయి తిరుపతిలో ఉండి ఆ సర్టిఫికెట్ తెచ్చుకోలేదు. ఆ 90,000తో మీకు దక్కేది శిక్షణ మాత్రమే.

పరీక్ష రుసుము 129 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 11,000 లోపే. మీరు మిగతా 85,000 అప్పు తెస్తే, 12 శాతం వడ్డీకి ఏడాదికి 10,200 అవుతుంది. ఇంచుమించు ఏడాది వడ్డీతో అసలు పరీక్షే రాసేయవచ్చు! నెలకు వెయ్యి చొప్పున రికరింగ్ డిపాజిట్ వేయండి, అమ్మాయి ఫీజు ఏడాదిలో చేతికొస్తుంది.

‘వెళ్లగానే ఉద్యోగం’ అన్న మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. భర్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే, పెళ్లయి భార్యగా వెళ్లేవారికి సాధారణంగా హెచ్‌-4 వీసా వస్తుంది. దాని మీద నేరుగా పనిచేయకూడదు. 2015 నుంచి కొందరికి పని అనుమతి పత్రం ఇస్తున్నారు. సాధారణంగా భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన పిటిషన్ ఆమోదం పొంది ఉండాలి. కాబట్టి కాబోయే అల్లుడిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: పిటిషన్ ఏ దశలో ఉంది? మొహమాటపడకండి. ఇది అమ్మాయి భవిష్యత్తుకు సంబంధించిన విషయం, పెళ్లి మాటల్లో కట్నకానుకల కంటే ముందు రావలసింది.

అనుమతి వచ్చాక దారి సులువే. డాలస్ ఉన్న టెక్సాస్‌లో రాష్ట్ర ఫార్మసీ బోర్డు దగ్గర ట్రైనీగా నమోదై, జీతం తీసుకుంటూనే పని నేర్చుకోవచ్చు. సీవీఎస్, వాల్‌గ్రీన్స్ లాంటి పెద్ద మందుల దుకాణాలు తమ దగ్గర చేరినవారికి తామే శిక్షణ ఇస్తాయి. ఈలోగా అమ్మాయి ఇక్కడ చేయగలిగిందొకటుంది. మన పారాసెటమాల్ అక్కడ అసిటమినోఫెన్, మన సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్. ఇలాంటి పేర్లను రోజుకు ఐదు చొప్పున నోటు పుస్తకంలో రాసుకుంటే పైసా ఖర్చు లేదు. బీఫార్మసీ పూర్తి కాగానే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించండి. వీసా ఆలస్యమైనా రుయా ఆసుపత్రి చుట్టుపక్కల మందుల షాపుల్లో ఆమెకు పని దొరికే ఆధారం అదే.

ఇక అబ్బాయి సంగతి. అతని ఆలోచనకు నేను గట్టిగా అడ్డు చెబుతాను. మన 1948 ఫార్మసీ చట్టం కింద నమోదయ్యేది ఫార్మసిస్టులే, టెక్నీషియన్లు కాదు. నాలుగు నెలల కోర్సు చేసి వచ్చినవాడు చట్టం దృష్టిలో షాపు సహాయకుడే. తొందరగా సంపాదించాలనుకుంటే డీఫార్మసీ డిప్లొమా చేయనివ్వండి. రెండేళ్ల చదువు, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. తర్వాత డిప్లొమా చేసినవారికి పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఫార్మసీ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

అతని మనసు కూడా అమెరికా మీదే ఉంటే ఇంకో మాట. 2023లో అక్కడి కార్మిక శాఖ లెక్కల్లో టెక్నీషియన్ మధ్యస్థ వార్షిక వేతనం 40,300 డాలర్లు, ఫార్మసిస్టుది 1,36,030. మూడు రెట్లకు పైగా తేడా. విదేశీ పట్టాతో ఆ ఫార్మసిస్టు దారి పట్టాలంటే, 2003 జనవరి 1 తర్వాత పట్టా పుచ్చుకున్నవారు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ చాలదు. మీ అమ్మాయికీ ఈ సంగతి ఇప్పుడే తెలియాలి. ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సుకు మాత్రం ఆ అడ్డంకి లేదు. బీఫార్మసీ, ఫార్మ్‌డీ రెండింటిలోనూ మొదటి సంవత్సరంలో సాధారణంగా ఈఏపీసెట్ ద్వారా చేరాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు వర్తిస్తుందో లేదో ముందు కాలేజీలో కనుక్కోండి. తక్కువ పడితే బంగారం జోలికి పోకుండా విద్యారుణం అడగండి. 4 లక్షల వరకు బ్యాంకులు సాధారణంగా పూచీకత్తు ఆస్తి అడగవు.

ఇచ్చిన 5,000 తిరిగి ఇమ్మని ఉత్తరం రాసి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. వాళ్లు ఇవ్వకపోయినా, ఆ 5,000 దక్కించుకోవడానికి మిగతా 85,000 మాత్రం కట్టకండి.