బెర్న్‌కాస్టెల్ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

అమ్మానాన్నలకి నది ఒడ్డున పాత వైన్ సెల్లార్ (వైన్ నిల్వచేసే నేలమాళిగ) ఒకటి చూపించాలని ఉందని రాశావు. జర్మనీలో మోసెల్ నది మీద ఉన్న బెర్న్‌కాస్టెల్-క్యూస్ ఊరికి తీసుకెళ్లు. ట్రియర్ నుంచి విట్లిష్ దాకా రైలు, అక్కడ బస్సెక్కాలి. నా మాటగా ఒక్కటి విను: దిగగానే సెల్లార్‌లోకి వెళ్లకండి. ముందు కొండ చూడండి, ఇళ్లు చూడండి, నది చూడండి. అవి చూడకుండా తాగితే ఆ వైన్‌లో సగం తెలియదు.

ఊరి వెనకే ద్రాక్షతోటలు నిలువుగా లేస్తాయి. నేలంతా పలకరాయి ముక్కలు. పగలు ఎండకి కాగి, రాత్రి ఆ వేడిని తీగలకి వదులుతాయి. ఇంత ఉత్తరాన రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష పండుతోందంటే ఆ రాయి వల్ల, ఎండకి ఎదురుగా తిరిగిన వాలు వల్ల, కింద నీటి వల్ల. మీ నాన్న సేద్యం చేసిన మనిషి, ఆ వాలు చూడగానే ట్రాక్టర్ తిరగదని గ్రహిస్తాడు. పాత తోటల్లో ఒక్కో తీగకీ ఒక్కో కర్ర పాతి ఉంటుంది. పనంతా దాదాపు చేత్తోనే. ఊరిని ఆనుకుని ఉన్న ఒక తోట పేరు ‘డాక్టర్’. 14వ శతాబ్దంలో ట్రియర్ ఆర్చిబిషప్ రెండో బోయెముండ్‌కి జబ్బు చేస్తే ఆ తోట వైనే నయం చేసిందని చెప్పుకుంటారు.

తర్వాత సంతబజారు వైపు రండి. 1416లో కట్టిన ష్పిట్స్‌హాయ్‌స్‌షెన్ అనే చిన్న ఇల్లు అక్కడే. కింద బాగా ఇరుకు, పైఅంతస్తులు వీధి మీదికి పొడుచుకొచ్చి ఉంటాయి. కొయ్య దూలాలతో చట్రం బిగించి, మధ్య ఖాళీల్లో పుల్లలు అల్లి మట్టి మెత్తడం ఈ ఇళ్ల పద్ధతి. మన ఊళ్లలో దడి కట్టి మట్టి మెత్తినట్టే, అమ్మకి చెబితే చాలు. ఆ ఇంట్లోనే వైన్ పోస్తారు. చోటు తక్కువ, కాబట్టి మధ్యాహ్నం జనం రాకముందే వెళ్లండి. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మ మోకాళ్లు గుర్తుంచుకో.

వంతెన దాటి క్యూస్ వైపు తప్పకుండా వెళ్లండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఈ ఊళ్లో పుట్టిన కార్డినల్ నికోలస్ 15వ శతాబ్దంలో 33 మంది నిరుపేద వృద్ధుల కోసం ఆశ్రమం కట్టించాడు. దానికి సొంత ద్రాక్షతోటలున్నాయి. ఆశ్రమం ఈనాటికీ వృద్ధులకి నీడనిస్తోంది. ఆయన దేహం రోమ్‌లో ఉంది, గుండె మాత్రం ఇక్కడి ప్రార్థనాలయంలో. ఆశ్రమం కమాను కప్పుల సెల్లార్‌లో మోసెల్ వైన్లు రుచి చూడొచ్చు. లోపల ఎండాకాలంలోనూ చలిగానే ఉంటుంది, శాలువా పట్టుకెళ్లండి.

రుచి చూసేటప్పుడు తీపి లేని ‘ట్రోకెన్’తో మొదలుపెట్టి, తర్వాత తేలికపాటి ‘కాబినెట్’, ఆలస్యంగా కోసిన పండ్లతో చేసే ‘ష్పేట్‌లేజె’, చివరికి బాగా తియ్యనివి తాగండి. తియ్యనిది ముందు తాగితే తర్వాతది పులుపుగా తోస్తుంది. నోట్లో తిప్పి ఉమ్మేయడం అక్కడ మర్యాద తప్పడం కాదు, దానికి పాత్ర పెడతారు. గ్లాసు కాడ పట్టుకో, గ్లాసులెత్తి ‘త్సుమ్ వోల్’ (మీ ఆరోగ్యానికి) అనేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడు. అమ్మకి ‘ట్రౌబెన్‌జాఫ్ట్’ అడుగు, అదే ద్రాక్ష రసం. ఆవిడ తాగదు కదా అని బయట బెంచీ మీద కూర్చోబెట్టకు. ఫ్లామ్‌కూహెన్ (పిజ్జాలాంటి పల్చటి రొట్టె) తెప్పిస్తే ‘ఓనె ష్పెక్’ (పంది మాంసం లేకుండా) అని గట్టిగా చెప్పు, లేకపోతే పంది మాంసం ముక్కలు వేసి తెస్తారు.

సెప్టెంబరు మొదటి వారాంతంలో వైన్ పండుగ, ఆ రోజుల్లో పెద్దవాళ్లతో వద్దు. చలికాలంలో చాలా చోట్ల మూసేస్తారు. అక్టోబరు మంచిది, కోతలు కూడా కనిపిస్తాయి. కారు అద్దెకి తీసుకోకు, ఒక్క గ్లాసు తాగినా స్టీరింగ్ ముట్టుకోవద్దు. ఆదివారం బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే రాసిపెట్టుకో.

మీ మావయ్య